దక్షిణం కిటికీల ఊరు

కాన్ షౌరెన్ జిగురు కలుపుతున్నాడు. చన్నీళ్ళలో కలిపిన గోధుమపిండి పొయ్యి మీద మెల్లగా చిక్కబడుతోంది. కర్ర ఎప్పుడూ ఒకే వైపు తిరగాలి. మధ్యలో వైపు మారిస్తే ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన జిగురుతో అంటించిన కాగితం, మొహమాటానికి వచ్చిన చుట్టంలాగా, ఎప్పుడు లేచిపోదామా అని చూస్తూ ఉంటుంది. దించేముందు చిటికెడు పటిక వేశాడు. పటిక లేకపోతే ఎలుకలు తెల్లారేసరికి ఊళ్ళకు ఊళ్ళు నాకేస్తాయి. కిందటి నెలలో ఒక విమానాశ్రయం అలాగే పోయింది.

పెకింగ్ శివార్లలో ఉన్న ఆ స్టూడియోలో సినిమా నమూనాలు చేసే షెడ్డు అది. తీస్తున్న సినిమా ఇరవై ఏళ్ళ తర్వాతి దేశం గురించి. అప్పటికి పందులు బస్సంత అవుతాయి. గోధుమ కంకులకు పిల్లలు ఉయ్యాలలు కట్టుకుంటారు. ఒక మీట నొక్కితే వాన, ఇంకో మీట నొక్కితే ఎండ. పొద్దున్నే చంద్రుడి మీదికి వెళ్ళి, పని చూసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. ఆ 1958లో ఈ మాటలు నమ్మనని పైకి చెప్పే మనిషి లేడు. కాన్ షౌరెన్ నమ్మాడనీ చెప్పలేం, నమ్మలేదనీ చెప్పలేం. అతని ధ్యాసంతా ఆ ఊళ్ళోని ఇళ్ళ మీద ఉండేది.

మనిషి వెదురుబద్ద. చిన్నప్పటి నుంచీ జొన్నదంట్ల మీద వంగి పని చెయ్యడంతో వెన్ను విల్లయిపోయి, ఎవరితో మాట్లాడినా వాళ్ళ బూట్లతో మాట్లాడుతున్నట్టు ఉండేది. దంట్లు చీల్చీ చీల్చీ కుడి బొటనవేలి గోరు ఎద్దు డెక్కంత మందమైంది. కారిన జిగురంతా ఎండిపోయిన అతని దూది కోటును విప్పి నేల మీద పెడితే దానంతట అదే నిలబడేది. చూపు సరిగా ఆనని అధికారి ఒకాయన ఆ కోటుకు ఉక్కు ఉత్పత్తి గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చి, శ్రద్ధగా విన్నందుకు మెచ్చుకుని వెళ్ళాడని షెడ్డులో చెప్పుకునేవారు. వెన్ను వంగింది గానీ కాన్ నోరు మాత్రం వంగలేదు. వంటశాలలో రొట్టెలు వేసే మనిషిని పట్టుకుని, ఈ రొట్టెలు శత్రువుల మీద విసిరితే యుద్ధం ఒక్క రోజులో తేలిపోతుందన్నాడు. అప్పట్నుంచి ఆ మనిషి అతనికి మాడిన రొట్టెలే ఏరి పెట్టేవాడు.

ఈ పనిలోకి రాకముందు కాన్‌ది కాగితం కొట్టు. చనిపోయినవాళ్ళ కోసం కాల్చే కాగితపు మేడలు, బళ్ళు, గుర్రాలు, నౌకర్లు అన్నీ కట్టేవాడు. ఇక్కడ కాలిస్తే అక్కడ వాళ్ళకు చేరుతుంది. దక్షిణ ద్వారం వీధుల్లో ఎవరి ఇంట్లో ఏడుపు వినిపించినా ఆ ఇంటివాళ్ళు ముందు అతని కొట్టుకే వచ్చేవాళ్ళు. అతను కట్టిన కాగితపు గుర్రం దుమ్ము పడి తుమ్మిందట. ఎవరో సేనాపతి శవయాత్రలో కాగితపు మోటారు కారు ఎదురొచ్చిన రిక్షాను చూసి హారన్ కొట్టిందట. కొత్త ప్రభుత్వం వచ్చాక ఈ కాల్చడాలన్నీ మూఢనమ్మకాల కింద తేలాయి. కొట్టు సహకార సంఘంలో కలిసింది. సంఘంవాళ్ళు లాంతర్లు చేయించారు, లాంతర్లు ఎవరూ కొనలేదు. స్టూడియోవాళ్ళకు చేతిపనివాడు కావాలనగానే, ఈ నోరు మాకొద్దని ఇతన్ని ఇటు తోసేశారు.

షెడ్డులో అవతలి గోడ దగ్గర వడ్రంగి బియెన్ యూతాన్ చంద్రుడి మీదికి వెళ్ళే రాకెట్టుకు ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. బియెన్‌కూ కాన్‌కూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బియెన్ తండ్రి పోయినప్పుడు గుర్రం కట్టింది కాన్ షౌరెనే. శవయాత్ర సగం దారిలో ఉండగా ఆ గుర్రం ముందుకాళ్ళు మడిచి నడిరోడ్డు మీద మోకరిల్లింది. ముసురుకు జిగురు వదిలిందని కాన్ అన్నాడు. పెద్దాయన పరలోకానికి నడిచి పోయాడని వీధంతా అంది. అక్కణ్ణుంచి బియెన్ తల్లి, తను పోయేదాకా ప్రతి రాత్రీ కలలో మొగుడి కాళ్ళు పిసుకుతూనే ఉందట. పొద్దున లేస్తే ఆవిడ వేళ్ళు వాచి ఉండేవట. బియెన్ ఆ సంగతి మరిచిపోలేదు.

"శవాల మేస్త్రీ, ఇవాళ జిగురు వాసన గుప్పుమంటోంది. ఎవరైనా పోయారా ఏంటి?" అన్నాడు బియెన్, తల ఎత్తకుండానే.

"ఇంకా లేదు. నువ్వు ఆ రాకెట్టెక్కు, చూద్దాం."

ఇద్దరి రోజూ ఇలాగే మొదలయ్యేది. షెడ్డులో మిగతావాళ్ళు బియెన్ పక్షాన ఉండి నవ్వేవారు.

షెడ్డు మధ్యలో బల్లలు కలిపి వేసి, వాటి మీద ఊరు పరిచి ఉంది. జొన్నదంట్ల చట్రాలు, తెల్లకాగితం గోడలు, సిగరెట్ పెట్టెల్లోని తళతళ కాగితంతో పైకప్పులు. వీధుల మీద సన్నటి తీగలకు ఎగిరే బస్సులు వేలాడుతున్నాయి. వాటిలో, వీధుల్లో, మేడల మీద చిటికెనవేలంత కాగితపు మనుషులు. ఏ ఇల్లు చూసినా కిటికీ దక్షిణానికే. సెక్షన్ లీడర్ చ్యూ సూచిన్ మొదటిసారి చూసినప్పుడు ఆ కిటికీల ముందు చాలాసేపు నిలబడింది. భవిష్యత్తులో ఎంత వెలుతురు ఉంటుందో ఒక ముసలి కార్మికుడు ఊహించాడని గోడపత్రికలో రాయించింది.

కాన్ ఊహించింది భవిష్యత్తును కాదు. అతని భార్య వాన్‌రూ ఆ వసంతంలోనే పోయింది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి పోయేదాకా ఆమె కాపురమంతా ఉమ్మడి లోగిట్లో, ఉత్తరానికి కిటికీ ఉన్న ఒంటి గదిలో. ఎండ తప్పిపోయి కూడా ఆ గదిలోకి రాలేదు. చలికాలంలో ఎదురింటివాళ్ళ గుమ్మం ముందు జానెడు ఎండ పడితే, ఆమె వెళ్ళి అక్కడ కాళ్ళు చాపుకునేది. ఆ ఇంటావిడ వెంటనే క్యాబేజీలు తెచ్చి సరిగ్గా ఆ జానెడు చోట్లోనే ఆరబెట్టేది. ఊళ్ళోవాళ్ళందరికీ మేడలు కట్టి పంపుతావుగా, నేను పోయాక దక్షిణం కిటికీ ఉన్న ఇల్లొకటి కట్టి పంపించమని వాన్‌రూ మొగుడితో అనేది. ఆ మాట నవ్వుతూ అనేది కాదు. ఆమె పోయిన రోజున వీధి కమిటీ మనిషి వచ్చి, కాగితం ఉన్నది చదువుకోడానికని, ఇక్కడ కాలిస్తే ఊరుకునేది లేదని, గుమ్మం దాటి లోపలికి కూడా రాకుండా చెప్పి వెళ్ళింది. అందరికీ మేడలు కట్టిన చేతులు సొంత భార్యకు ఒక గోడ కూడా ఇవ్వలేకపోయాయి.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఊరు కట్టే పని వచ్చింది. మొదటి ఇంటికి దంట్లు చీలుస్తున్నప్పుడే కాన్ మనసులో నిర్ణయించుకున్నాడు. ఆ ఏడు ప్రతి పెరట్లోనూ ఉక్కు కాచమన్నారు, షూటింగ్ అయిపోయిన నమూనాలన్నీ స్టూడియో పెరట్లోని ఉక్కు కొలిమిలోకి వంటచెరుకుగా పోతున్నాయి. బస్సంత పంది పోయింది, ఉయ్యాలల గోధుమ చేను పోయింది. ఈ ఊరూ అలాగే పోతుంది. అది కాలేటప్పుడు పక్కన నిలబడి ఆమె పేరు చెబితే చాలు. పేరు మాత్రం పైకి చెప్పాలి. లేకపోతే దారిన పోయే దిక్కులేని దయ్యాలు ఎగరేసుకుపోతాయి.

ఆ పొద్దున సూచిన్ నవ్వుతూ షెడ్డులోకి వచ్చింది. ఆమె నవ్వితే పనివాళ్ళు పనిముట్లు కింద పెట్టేసేవారు, ఏదో కొత్త బరువు నెత్తిన పడబోతోందని. ఈసారి మంచి వార్తేనంది. మధ్యాహ్నం షూటింగ్ అవగానే ఊరు కొలిమిలోకి పోదు. ప్రదర్శనశాలకు వెళ్తుంది, అద్దాల పెట్టెలో. కింద అట్ట మీద కాన్ షౌరెన్ పేరు రాస్తారు. కాన్‌కు ఛాతీకి ఎర్ర పువ్వు కూడా పెడతారట. అందరూ చప్పట్లు కొట్టారు. బియెన్ రెండు వేళ్ళతో కొట్టాడు.

"అద్దాల పెట్టెలో ఎన్నాళ్ళుంటుంది?" అని అడిగాడు కాన్.

"ఎన్నాళ్ళేంటి మేస్త్రీ, ఎప్పటికీ ఉంటుంది."

కాన్ పొయ్యి దగ్గరికి వెళ్ళి, దించేసిన జిగురును మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. కర్ర ఎటు తిరుగుతోందో చూసుకోలేదు. జిగురంతా ఉండలు కట్టింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్తే అతను ఊరి పక్కనే కూర్చుని మాడిన రొట్టె నమిలాడు. తనే అగ్గిపుల్ల గీస్తే షెడ్డంతా అంటుకుంటుంది. విద్రోహం కింద తనను తుపాకీతో కాల్చి పారేస్తారు, అంతకంటే ముందు నీళ్ళు పోసి ఆర్పేస్తారు. సగం కాలిన ఇల్లు అక్కడికి సగమే చేరుతుంది. పటిక లేని జిగురు పూసి ఎలుకలకు వదిలేద్దామంటే, ఎలుకలు తిన్నది ఎలుకలకే పోతుంది. ఇలా ఎటు తిప్పినా వాన్‌రూ ఉత్తరం గదిలోనే ఉండిపోతోంది. అద్దం లోపల ఊరు, అద్దం బయట ఆవిడ. అక్కడ కూడా ఎవరో ఒకరు క్యాబేజీలు ఆరబెట్టుకుంటూనే ఉంటారు.

షూటింగ్‌కు దీపాలు వెలిగించారు. దర్శకుడు కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు. కెమెరాను ఊళ్ళోకి దగ్గరగా జరిపి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మేస్త్రీ, వీళ్ళంతా గుడ్డివాళ్ళలా కనిపిస్తున్నారేంటి?"

నిజమే. కాగితపు మనుషులకు కనుబొమ్మలున్నాయి, రెప్పలున్నాయి, తెల్లటి కళ్ళున్నాయి. కంట్లో నల్లచుక్క ఒక్కరికీ లేదు. మొదట్లో అది అలవాటు చేసిన పొరపాటు. చెయ్యి దానంతట అది చుక్క పెట్టకుండా ఆగిపోయేది. సగం మందిని చేశాక చూసుకున్నాడు. చూసుకుని, మిగతా సగాన్ని కావాలనే అలా వదిలేశాడు. దర్శకుడితో మాత్రం, అవి దూరం నుంచి చూసే బొమ్మలని, దగ్గరికెళ్ళి చూస్తే ఎవరి మొహమైనా అంతేనని అన్నాడు.

బియెన్‌కు ఇంతకంటే మంచి రోజు రాదు. రాకెట్టు దగ్గర్నుంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఆయన పెట్టడు కామ్రేడ్. శవాలతో పంపే బొమ్మలకు కంట్లో చుక్క పెట్టరు. పెడితే ప్రాణమొచ్చి కూర్చుంటుందట. ప్రాణమున్నదాన్ని కాలిస్తే పాపమట. ఇదంతా వీళ్ళ కులవిద్య. అడగండి, కాదనమనండి."

దీపాల వాళ్ళు పకపకా నవ్వారు. సూచిన్ నవ్వలేదు. ఆమె కటువు మనిషే గానీ, పొద్దున చప్పట్లు కొట్టించింది తనే. ఇది పైదాకా పోతే తన మెడకూ చుట్టుకుంటుంది. అలవాటు కొద్దీ జరిగిన పొరపాటని రాసేసుకుందాం, చుక్కలు పెట్టేస్తే సాయంత్రానికి గొడవ తీరిపోతుందని కాన్‌తో చెప్పింది. కాన్ ఆమె బూట్లవంక చూస్తూ నిలబడ్డాడు. సూచిన్ విసుక్కుని తనే కుంచె తీసి సిరాలో ముంచింది. ఎగిరే బస్సు గుమ్మంలో నిలబడ్డ కండక్టరమ్మాయిని ఊడదీసి, రెండు కళ్ళలో రెండు చుక్కలు పెట్టి, అందరికీ కనబడేలా పైకెత్తింది.

"చూడండి. లేచిందా? నడిచిందా?"

మళ్ళీ నవ్వారు. ఆమె కుంచెను బియెన్ చేతికిచ్చి, మిగతావాళ్ళకు నువ్వు పెట్టెయ్యమంది. బియెన్ కుంచెను సిరాలో బాగా ముంచాడు, పెళ్ళిభోజనంలో రొట్టె ముక్కను పులుసులో ముంచినట్టు.

కాన్ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. అట్ట మీద పేరు, ఛాతీ మీద పువ్వు. రాబోయే చలికాలమంతా షెడ్డులో పొయ్యి పక్కన గడిచిపోయేది. నోరు తెరిస్తే ఎక్కడికి పంపుతారో షెడ్డులో అందరికీ తెలుసు. రోజూ సాయంత్రం జలాశయం పనికి మనుషుల్ని ఎక్కించుకుని లారీ ఒకటి గేటు ముందు నుంచే పోతుంది. అతని ఊపిరితిత్తుల్లో అప్పటికే కాగితం నలిగిన చప్పుడు వినిపిస్తోంది.

"బియెన్, చెయ్యి తియ్యి," అన్నాడు. "ఆ ఊరు నా పెళ్ళానిది."

బియెన్ కుంచె ఆగిపోయింది.

"ఇది ఇరవై ఏళ్ళ తర్వాతిది కాదు. మొన్న వసంతంలో పోయిన వాన్‌రూది. మొదటి దంటు చీల్చినప్పట్నుంచీ ఆవిడ కోసమే కట్టాను, పోయినవాళ్ళకు ఎలా కట్టాలో అలాగే కట్టాను. మీరు సినిమా తీసుకుంటే తీసుకోండి. అద్దాల పెట్టెలో పెట్టుకోండి. చూడ్డానికి వచ్చేవాళ్ళలో ముసలాళ్ళు కూడా ఉంటారు. గుమ్మంలోంచి ఒక్క చూపు చూసి పోల్చుకుంటారు, ఇది దేనికి కట్టిన ఊరో."

దర్శకుడు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, ఇకపై తను ఏమీ చూడలేదన్నట్టు. కెమెరా మనిషి అద్దానికి మూత పెట్టాడు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆ ఊరిని ఫిల్ము మీదికి ఎక్కించే ధైర్యం ఇంక ఏ మనిషికీ లేదు. అట్ట మీద సంతకం పెట్టే ధైర్యం అసలే లేదు.

సూచిన్ మొహం సున్నం కొట్టినట్టయింది. దేశం భవిష్యత్తునంతా తీసుకెళ్ళి శ్మశానంలో పాతావని మెల్లగా, ఒక్కో మాటా నొక్కి అంది. ఆ తర్వాత చెప్పాల్సినవన్నీ గబగబా చెప్పేసింది. ఊరు ఇప్పుడే కొలిమిలోకి పోవాలి. దాన్ని మోసుకెళ్ళి వెయ్యాల్సింది వీడే, నలుగురూ చూస్తుండగా. కొత్త ఊరు బియెన్ చెక్కతో కడతాడు. వీడు సాయంత్రం లారీ ఎక్కుతాడు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగింది. పొద్దున చప్పట్లు కొట్టిన చేతులన్నీ జేబుల్లో ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ ఎవరో జిగురు డేకిసాను కాలితో తన్నారు.

కాన్ అంతా విన్నాడు. మొహంలో ఏమీ కనబడకుండా జాగ్రత్తపడ్డాడు. తనకు కావలసిందే శిక్షగా వేస్తున్నారని వాళ్ళకు తెలిస్తే, ఆ శిక్షను కూడా మార్చేస్తారు.

కొలిమి పెరట్లో, వంటశాల వెనక. పాత గోడ ఇటుకలు పీకి కట్టారు. ఊళ్ళో మూకుళ్ళు, తలుపు గడియలు, మంచం ఇనుములు అన్నీ అది మింగింది. పొగ ఎంత దట్టంగా ఉండేదంటే, వంటశాల ఆడవాళ్ళు తడిబట్టలు దానిమీద ఆరేసుకునేవారట. కాన్ ఊరిని వీధి వీధిగా మోశాడు. పెరట్లో రెండు వైపులా జనం. దయ్యాల ఊరి సర్పంచ్ వస్తున్నాడని ఒకడు అరిచాడు. రొట్టెల మనిషి తీరిక చేసుకుని మరీ బయటికొచ్చి, నీ పెళ్ళానికి ఇవి కూడా పంపమని మాడిన రొట్టె విసిరాడు. అది కాన్ భుజానికి తగిలి కింద పడింది. కాన్ వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, ఒక ఇంటి గుమ్మంలో పెట్టాడు. దాంతో ఆ వైపు నవ్వు ఆగిపోయింది.

ఆఖరి వీధి పెట్టాక, దిక్కులేని దయ్యాలు దాటకుండా, ఇనుప చువ్వతో కొలిమి చుట్టూ బూడిదలో గీత గీశాడు. ఆమె లోపలికి రావడానికి ఒక చోట గీత కలపకుండా వదిలాడు. ఏం చేస్తున్నాడో పెద్దవాళ్ళందరికీ తెలుసు. సూచిన్‌కూ తెలుసు, ఆమె పుట్టిందీ ఈ ఊళ్ళోనే. ఎవరూ వచ్చి ఆ గీత చెరపలేదు. తొక్కడానికి ముందుకొచ్చిన దీపాల కుర్రాడొకడు, ముందుకొచ్చింది తనొక్కడేనని చూసుకుని వెనక్కి తగ్గాడు.

"వాన్‌రూ, వచ్చి తీసుకో," అన్నాడు కాన్, ఎదురింటి గుమ్మంలోంచి పిలిచినంత గట్టిగా. "కిటికీలన్నీ దక్షిణానికే."

జొన్నదంట్లు చిటపటలాడాయి. తళతళ కాగితం పైకప్పులు ఒక్కసారి బంగారంలా మెరిసి నల్లబడ్డాయి. గాలి ఉత్తరానికి వీస్తుంటే మంట మాత్రం దక్షిణానికి వంగిందని కొందరు చెబుతారు. చెప్పేవాళ్ళెవరూ ఆ సాయంత్రం అక్కడ లేరు.

అంతా బూడిదయ్యాక కాన్ షెడ్డుకు తిరిగి వచ్చాడు. నేలంతా జిగురు మడుగు. సూచిన్ పడేసి వెళ్ళిన కండక్టరమ్మాయి బల్ల అంచున బోర్లా పడి ఉంది. కాన్ దాన్ని తీసి వెలుతురులో చూశాడు. దీన్ని కాల్చడానికి వీల్లేదు, చూపొచ్చేసింది. కింద వదిలేస్తే ఎవరో తొక్కుతారు. దంటు ముక్క ఒకటి చీల్చి పాదాల కింద పీటలా అమర్చి, షెడ్డులో జిగురు చిమ్మని ఒకే ఒక్క చోటు, బియెన్ పనిబల్ల మీద నిలబెట్టాడు.

"నా బల్ల మీదెందుకు పెట్టావు ఆ దరిద్రాన్ని?" అన్నాడు వెనకే వచ్చిన బియెన్.

"కుంచె పుచ్చుకున్నది నువ్వేగా, చూపొచ్చినదాన్ని నువ్వే చూసుకో," అని కాన్ కోటు తొడుక్కుని బయటికి నడిచాడు.

లారీలో మనుషులు జరిగి చోటివ్వలేదు. వెనక పలక మీద ఒరిగి నిలబడి వెళ్ళాడు. చలి ముదిరాక జలాశయం నుంచి తిరిగొచ్చిన ఒకతను, దగ్గుకు పోయినవాళ్ళ పేర్లు చెబుతూ ఇతని పేరు కూడా మధ్యలో చెప్పాడు. షెడ్డులో మిగతావాళ్ళు పనిలోకి వంగారు. బియెన్ మాత్రం, పీడ విరగడైందని అని, ఉప్పుకాగితం వెతుక్కున్నాడు.

చెక్క ఊరితో సినిమా పూర్తయింది. షెడ్డు ఊడ్చినప్పుడల్లా బియెన్ పాత చెక్కముక్కలన్నీ తట్టలో వేసి కొలిమికి పంపేవాడు. ఆ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి అతనికి ఏదో ఒక పని గుర్తొచ్చేది. కిటికీ పక్కన వార్నిష్ డబ్బాలు కూడా దానికి కాస్త ఎడంగానే పెట్టేవాడు. డబ్బాల నడుమ జానెడు ఎండలో, సూచిన్ తొందరలో పెట్టిన చుక్కలతో ఒక కన్ను కొంచెం పెద్దదైన, చిటికెనవేలంత కండక్టరమ్మాయి బస్సు లేకుండా, ఎవరో ఎక్కుతారన్నట్టు గుమ్మం వైపు చూస్తూ నిలబడి ఉంది.